పాత తీగచుట్టకు కొత్త వెల

ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఒక ఇనుప కోర్ మీద చుట్టిన రెండు రాగి తీగచుట్టలు. మొదటి చుట్టలో పారే సంకేతం కోర్‌లో అయస్కాంతత్వాన్ని ఎగదోసి దిగదోస్తుంది. ఆ ఎగుడుదిగుడు రెండో చుట్టలో అదే సంకేతాన్ని మళ్లీ పుట్టిస్తుంది. రెండు చుట్టల తీగా ఎక్కడా కలవదు. వీధి చివర స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌దీ ఇదే సూత్రం. కాకపోతే స్తంభం మీదిది 50 హెర్ట్జ్ అనే ఒక్క ఫ్రీక్వెన్సీని మోస్తే చాలు. మైకు వెనకాల అగ్గిపెట్టెంత ఉండే ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా అన్నిటినీ, వోల్టులో వెయ్యోవంతు బలం ఉన్నవాటిని కూడా, రూపు చెడకుండా దాటించాలి. 1940ల్లో, 50ల్లో అమెరికన్ కేటలాగుల్లో పది, ఇరవై డాలర్ల ధర రాసి ఉన్న ఈ వస్తువులు ఇప్పుడు వందల డాలర్లకు అమ్ముడవుతున్నాయి. కొన్ని మోడళ్లయితే జతకు వేల డాలర్లు పలుకుతున్నాయి. ఈ రెండు కాలాలకూ మధ్య ఒక ముప్పై ఏళ్లు, పరికరంలోంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసెయ్యడమే ప్రగతి అని ఇంజనీర్లు నమ్మారు. నమ్మడమే కాదు, ఆ మాట ప్రకటనల్లో వేయించారు కూడా.

1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఇనుప కడియానికి రెండు చుట్టలు చుట్టి చేసిన ప్రయోగం దీనికి మూలం. అయితే మనిషి గొంతును ఈ తీగచుట్టల గుండా నడిపించింది టెలిఫోను. కార్బన్ ట్రాన్స్‌మిటర్ నిరోధం తక్కువ, మైళ్ల పొడవు లైను నిరోధం చాలా ఎక్కువ. రెండింటినీ నేరుగా కలిపితే మాట బలం దారిలోనే ఆవిరవుతుంది. 1870ల చివర ఎడిసన్ ఆ రెండింటి మధ్య ఒక ఇండక్షన్ కాయిల్ పెట్టాడు. పేరు వేరుగా ఉన్నా అది చేసిన పని ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పనే.

తర్వాతి చిక్కు నగరాల నుంచి వచ్చింది. తొలినాటి టెలిఫోనుకు ఒకటే తీగ, రెండో దారి భూమి. 1880ల్లో విద్యుత్ దీపాలు, ట్రాములు వచ్చేసరికి వాటి రొద అంతా భూమి గుండా టెలిఫోనులో వినబడసాగింది. అప్పుడు రెండు తీగల లైన్లు వేశారు, లైను కొసలో 'రిపీటింగ్ కాయిల్' అనే ట్రాన్స్‌ఫార్మర్ బిగించారు. బయటి రొద రెండు తీగల్లోనూ ఒకేలా చొరబడుతుంది. అది ప్రైమరీ, అంటే మొదటి, చుట్ట రెండు కొసలనూ ఒకేసారి ఒకే ఎత్తుకు లేపుతుంది కాబట్టి చుట్టలోంచి కరెంటు పారదు, రొద అవతలికి దాటదు. తీగల మధ్య తేడాగా నడిచే మాట ఒక్కటే దాటుతుంది. ఈనాడు వేదిక మీది మైకు కేబుల్‌లో వాడే 'బ్యాలెన్స్‌డ్' పద్ధతి అప్పటి టెలిఫోను లైనుదే. 600 ఓమ్‌ల ప్రమాణం కూడా అక్కడి నుంచే రేడియో కేంద్రాలకు, స్టూడియోలకు వారసత్వంగా వచ్చింది. ఏటీ అండ్ టీ సంస్థకు పరికరాలు తయారుచేసిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 111-సి రిపీటింగ్ కాయిల్ ఇలాంటి లైన్ల కొసల్లో దశాబ్దాల పాటు కూర్చుంది. కొలతలు చూస్తే ఈనాటికీ తలవంచుకోనక్కరలేని వస్తువది.

తీగ ఎంత బాగా చుట్టినా కోర్ మెత్తబడకపోతే లాభం లేదు. మెత్తన అంటే ఇక్కడ వేలికి మెత్తన కాదు, అయస్కాంతత్వానికి. చిన్న సంకేతం వచ్చినా వెంటనే లేచి, అది పోగానే వెంటనే పడుకోవాలి. మామూలు ఇనుము అలా చేయదు, బలమైన తోపు పడితేగాని కదలదు. 1900 ప్రాంతంలో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఇనుములో సిలికాన్ కలిపి కొంత మేలు చేశాడు. అసలు మలుపు వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో గుస్తావ్ ఎల్మెన్ తెచ్చాడు. నికెల్ 78 శాతం, ఇనుము 22 శాతం దగ్గర ఉండే మిశ్రమానికి తగిన వేడి, తగిన చల్లార్పు ఇస్తే అది మామూలు ఇనుముకన్నా పదుల రెట్లు తేలికగా అయస్కాంతమవుతుందని ఆయన 1910ల్లో కనుగొన్నాడు. దాని పేరు పర్మలాయ్. 1924లో న్యూయార్క్ నుంచి అజోర్స్ దీవులకు వేసిన సముద్రపు తంతి కేబుల్‌కు పర్మలాయ్ పట్టీ చుడితే సందేశాల వేగం పాత కేబుళ్లకన్నా అనేక రెట్లు పెరిగింది. పర్మలాయ్‌కు పోటీగా 1923లో లండన్ కేబుల్ తయారీదారుల దగ్గర స్మిత్, గార్నెట్ అనే ఇద్దరు రాగి కూడా కలిపి మ్యూమెటల్ చేసి పేటెంటు పొందారు. సముద్రం అడుగున తంతి కోసం పుట్టిన ఈ రెండు లోహాలే పాటల ట్రాన్స్‌ఫార్మర్లకు కోర్ అయ్యాయి. ఇప్పుడు వేలంలో డబ్బు పోసేవారు కొంటున్నది చాలావరకు వీటినే.

ట్రాన్స్‌ఫార్మర్ లెక్క ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: వోల్టేజి చుట్ల నిష్పత్తిలో మారుతుంది, ఇంపెడెన్స్, అంటే మారే కరెంటుకు ఎదురయ్యే నిరోధం, ఆ నిష్పత్తి వర్గంలో మారుతుంది. 150 ఓమ్‌ల మైకును 15,000 ఓమ్‌లు కోరే వాల్వు గ్రిడ్‌కు కలపాలంటే ఇంపెడెన్స్ వంద రెట్లు పెరగాలి, అంటే చుట్లు పది రెట్లు. దాంతోపాటు సంకేతం వోల్టేజి కూడా పది రెట్లు, అంటే 20 డెసిబెల్స్, పెరిగి వస్తుంది. వాల్వు ఈ పని చేస్తే తన బుసబుసను కూడా కలుపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు సరఫరా లేదు, బుస దాదాపు లేదు. అవతలి కొసన స్పీకర్ దగ్గర లెక్క తిరగబడుతుంది. 5,000 ఓమ్‌ల భారం కోరే ఔట్‌పుట్ వాల్వుకు 4 ఓమ్‌ల స్పీకర్‌ను కట్టాలంటే చుట్ల నిష్పత్తి సుమారు 35కు 1. ఇంటింటి మర్ఫీ, బుష్, ఫిలిప్స్ వాల్వు రేడియోల్లో స్పీకర్ పక్కన బిగించి ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇదే. 'ప్రైమరీ పోయింది' అన్న రేడియో మెకానిక్ మాటకు అర్థం, ఆ 35 భాగాల వైపు ఉన్న వెంట్రుకలాంటి తీగ తెగిందని.

లెక్క ఇంత తేలికైతే మంచి ట్రాన్స్‌ఫార్మర్ చేయడం ఎందుకు కష్టం? తక్కువ ఫ్రీక్వెన్సీలు బాగా దాటాలంటే చుట్లు ఎక్కువ కావాలి. చుట్లు ఎక్కువైతే పొరల మధ్య కెపాసిటెన్స్ పెరిగి పై ఫ్రీక్వెన్సీలు పోతాయి. ఒక కొస లాగితే మరో కొస జారే దుప్పటి లాంటిది ఇది. దానికి మందు, ప్రైమరీని, సెకండరీని భాగాలుగా విడగొట్టి ఒకదాని మధ్య ఒకటి పొరలుగా చుట్టడం, నడుమ రాగి రేకు తెర పెట్టడం. ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, తీగను ఎంత బిగువుతో లాగాలి, కాగితం ఎంత మందం అన్నవి ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం. ఇంగ్లిషు ఈ, ఐ అక్షరాల ఆకారంలో కోసిన రేకులను, అంటే స్టాంపింగ్‌లను, హైడ్రోజన్ కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి నెమ్మదిగా చల్లార్చి, ఆ తర్వాత చేత్తో ఒక్కొక్కటే ఎదురెదురుగా బాబిన్‌లోకి దోపాలి. కాల్చిన నికెల్ రేకు అలకబూనే రకం. వంగినా, కింద పడినా, గట్టిగా బిగించినా తన గుణంలో కొంత పోగొట్టుకుంటుంది. కాలిన మోటారును సాయంత్రానికి తిప్పి ఇచ్చే మన ఊళ్ల వైండింగ్ షాపుల నైపుణ్యం తక్కువదేం కాదు గానీ, మైకు ట్రాన్స్‌ఫార్మర్‌ది వేరే నిఘంటువు.

దీనికొక సహజమైన లోపం ఉంది, అదే తర్వాత దాని పేరు మోగడానికి కారణమైంది. ఒకే వోల్టేజికి ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ కోర్ మీద అయస్కాంత భారం పెరుగుతుంది. 1,000 హెర్ట్జ్ దగ్గర పడే భారానికి 20 హెర్ట్జ్ దగ్గర 50 రెట్లు పడుతుంది. కాబట్టి బలమైన మంద్రస్వరం వచ్చినప్పుడు కోర్ నిండిపోయి, ముఖ్యంగా మూడో హార్మోనిక్‌ను కలుపుతుంది. పైస్వరాలకు వచ్చేసరికి ఆ కల్తీ దాదాపు మాయమవుతుంది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ పరిమితి దాటితే అన్ని స్వరాలనూ ఒకేసారి కోసేస్తుంది. ఇది అలా కాదు, డ్రమ్ముకూ బాస్ గిటారుకూ కాస్త ఒళ్లు తెచ్చి, గొంతును వదిలేస్తుంది. సంగీతకారులు 'వెచ్చదనం' అని ముద్దుగా పిలిచేదానిలో పెద్ద భాగం ఇదే. అందులో మంత్రం లేదు, కొలవగలిగిన వంకర అది.

1926 తర్వాత సినిమాకు మాట రావడంతో వెస్టర్న్ ఎలక్ట్రిక్ టెలిఫోను విద్య మొత్తం థియేటర్లలోకి దిగింది. వారి పరికరాలు చాలావరకు అద్దె మీద బిగించినవి, అమ్మినవి కావు. 1930ల చివర కంపెనీ ఆ రంగం నుంచి తప్పుకున్నప్పుడు నిర్వహణ పనిని అక్కడి ఇంజనీర్లే పెట్టుకున్న ఆల్టెక్ అందుకుంది. ఆల్టెక్ తర్వాత పీర్‌లెస్ అనే ట్రాన్స్‌ఫార్మర్ కంపెనీనీ కలుపుకుంది. పోటీదారు ఆర్‌సీఏ. పాత తెలుగు సినిమాల టైటిళ్లలో పాటల రచయిత పేరుకు దగ్గర్లోనే 'ఆర్‌సీఏ సౌండ్ సిస్టమ్' అనో 'వెస్ట్రెక్స్ సౌండ్ సిస్టమ్' అనో కనిపించేది. ఆ వెస్ట్రెక్స్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఎగుమతి శాఖకు పెట్టిన పేరే. మద్రాసు స్టూడియోల్లో ఘంటసాల, లీల పాడిన మైకుకూ ఫిల్ముకూ మధ్య ఈ జాతి తీగచుట్టలు ఉండేవి. ప్రేక్షకులకు ఆ పేరు గుర్తుంది, డబ్బాలో ఏముందో తెలిసినవారు కొద్దిమందే.

విడిగా ట్రాన్స్‌ఫార్మర్లే అమ్మే కంపెనీలు కూడా 1930ల నుంచి పెరిగాయి. న్యూయార్క్‌లోని యునైటెడ్ ట్రాన్స్‌ఫార్మర్ కార్పొరేషన్, అంటే యూటీసీ, ఎల్‌ఎస్ సిరీస్, ఏ సిరీస్ అని రకరకాలుగా చేసేది. ఔన్సు బరువుండే బుల్లివాటికి 'ఔన్సర్' అని పేరు పెట్టింది. లాస్ ఏంజిలిస్‌లో ట్రయాడ్, ఇంగ్లండులో పార్ట్రిడ్జ్, జపానులో 1924లో మొదలైన తమురా ఇలాంటివే. 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రచురించిన యాంప్లిఫయర్ ఇంటింటి హైఫై పిచ్చికి తలుపు తెరిచింది. దాని వక్రత (డిస్టార్షన్) అంత తక్కువగా ఉండటానికి కీలకం విశాలమైన ఫ్రీక్వెన్సీ పరిధి ఉన్న ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే. స్టూడియో పరికరాల్లో అయితే ఇనుము పేరుకుపోయింది. 1959 నాటి ఫెయిర్‌చైల్డ్ 670 కంప్రెసర్‌లో 20 వాల్వులు, 11 ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. బరువు సుమారు 30 కిలోలు. టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏలోనూ, 1967 నాటి 1176 కంప్రెసర్ తొలి రకాల్లోనూ యూటీసీవి వాడారు. 1949లో వచ్చిన న్యూమన్ యూ47 మైకులో బీవీ8 అనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఆ మైకు బాగుచేసేవారికి ఆ మూడక్షరాలు ఇప్పటికీ నిద్రపట్టనివ్వవు.

అన్నిటికన్నా ఎక్కువ నకళ్లు పుట్టించింది ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ కంపెనీ 1970లో తెచ్చిన 1073 మైక్ ప్రీయాంప్. దానిలో మైకు వైపు ఒకటి, లైను వైపు ఒకటి, బయటికి వెళ్లేచోట ఒకటి ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి. తొలినాళ్ల వాటిమీద మారినేర్, సెయింట్ ఐవ్స్ పేర్లు కనిపిస్తాయి. ఔట్‌పుట్‌లో ఒకే ట్రాన్సిస్టర్ క్లాస్-ఏ పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి దాని నిలకడ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండానే పారుతుంది. కోర్ అప్పటికే నిండిపోకుండా స్టాంపింగ్‌ల మధ్య సందు వదిలారు. ఆ ట్రాన్సిస్టర్ ఏదో అపురూపమైనది కాదు. మన ఊళ్ల మైక్‌సెట్ యాంప్లిఫయర్లలో, బ్యాటరీ ఎలిమినేటర్లలో గుట్టలుగా వాడిన 2ఎన్3055. అంటే 1073 పేరుకు ఆధారం ట్రాన్సిస్టర్ కన్నా ఎక్కువగా దాని చుట్టూ ఉన్న ఇనుములోనే ఉంది.

నీవ్ స్వయంగా చెప్పుకున్న ఒక సంగతి ఈ వ్యాపారానికి పురాణమైంది. బీటిల్స్ రికార్డింగులు చేసిన జెఫ్ ఎమెరిక్ ఒక నీవ్ కన్సోల్‌లో మూడు ఛానళ్లు మిగతావాటిలా వినిపించడం లేదని పట్టుబట్టాడు. కొలిచి చూస్తే ఆ మూడింటి ట్రాన్స్‌ఫార్మర్లకు చివర పడాల్సిన భారం సరిగా పడక, 54 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ ఉబ్బు కనబడింది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు. చెవికి అందనిది కూడా తెలుస్తుందనడానికి దీన్ని రుజువుగా చాలామంది ఎత్తిచూపుతారు. ఒక అనుభవజ్ఞుడి చెవికి ఇది మంచి ప్రశంసే కానీ, కళ్లకు గంతలు కట్టి చేసిన పరీక్ష కాదు. అదే ఉబ్బు వినిపించే పరిధిలో కూడా ఏదో చిన్న మార్పు తెచ్చి ఉండవచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ అమ్మేవారు మాత్రం ఈ రెండో మాట ఎత్తరు.

ట్రాన్స్‌ఫార్మర్ తీసివేత 1956లో మొదలైంది. ఆర్‌సీఏలో హెచ్.సి. లిన్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేని ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ పద్ధతిని ప్రచురించాడు. ట్రాన్సిస్టర్ ఇంపెడెన్స్ తక్కువ, స్పీకర్‌ను నేరుగా నడపగలదు. ఇంకా కొన్నేళ్లు జేబు రేడియోల్లో డ్రైవర్, ఔట్‌పుట్ అని రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో, మద్రాసు రిచీ స్ట్రీట్‌లో భాగాలు కొని రేడియో కూర్చుకున్న కుర్రాళ్లకు ఆ జంట బాగా పరిచయం. ఐసీలు వచ్చి వాటినీ ఊడ్చేశాయి. 1970ల చివర బుస తక్కువగా ఉండే 5534 లాంటి ఆప్-యాంప్‌లు రావడంతో స్టూడియో కన్సోళ్లు కూడా ఇనుమును దించుకోవడం మొదలుపెట్టాయి. డబ్బు ఆదా, బరువు ఆదా, స్థలం ఆదా, కాగితం మీద వక్రత మరింత తక్కువ. 1983లో న్యూమన్ తన టీఎల్‌ఎమ్ 170 మైకుకు ట్రాన్స్‌ఫార్మర్ లేకపోవడాన్నే (ట్రాన్స్‌ఫార్మర్‌లెస్ మైక్రోఫోన్) పేరుగా పెట్టింది.

ట్రాన్స్‌ఫార్మర్ వదలని చోటు ఒకటుంది, మన గుళ్ల మీది, పంచాయతీ ఆఫీసుల మీది హారన్ స్పీకర్. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 10 వాట్లు నేరుగా పంపితే తీగలో ఒక ఆంపియరుకు పైగా పారుతుంది. 100 వోల్టుల లైను మీద, స్పీకర్ వీపుకు మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తే పారేది ఆంపియరులో పదోవంతే. తీగలో పోయే శక్తి నూరు రెట్లకు పైగా తగ్గుతుంది. సన్నని తీగతో సుప్రభాతం ఊరి చివరి దాకా వెళ్లడం వెనక ఉన్నది ఈ లెక్క. ఆ ట్రాన్స్‌ఫార్మర్లకు పాతకాలపు మోజు అంటలేదు.

ధరల పెరుగుదలకు మొదటి ఊరు జపాను. 1970ల్లో అక్కడి హైఫై ఔత్సాహికులు పాత అమెరికన్ థియేటర్ల వెస్టర్న్ ఎలక్ట్రిక్ యాంప్లిఫయర్లు, హారన్లు, 300-బి వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు వెతికి కొనడం మొదలుపెట్టారు. అమెరికాలో అప్పటికి అవి మూతబడిన హాళ్ల అటకల మీది చెత్త. ఆ చెత్తలో చాలా భాగం ఓడలెక్కి వెళ్లిపోయాక, తమ దగ్గర ఏముందో అమెరికన్లకు 1990ల్లో తెలిసివచ్చింది. తర్వాత కొరియా, ఆపైన చైనా కొనుగోలుదారులు తోడయ్యారు. ఏటీ అండ్ టీ సామ్రాజ్యం 1984లో విడిపోయి, ఎక్స్‌ఛేంజీలు డిజిటల్ అవుతూ పోవడంతో టెలిఫోను కాయిళ్లు ఒక్కసారి బయటపడ్డాయి, ఆ తర్వాత ఆ ఊట ఎండిపోయింది. అద్దె పరికరాలు ముందే కొద్ది, తయారీ ఆగి దశాబ్దాలు, కొనేవారు మాత్రం నాలుగు దేశాల్లో. ధర పెరగకపోతేనే వింత.

రెండో అల డిజిటల్ రికార్డింగుతో వచ్చింది. 1990ల మొదట్లో ఆడాట్, ప్రో టూల్స్ వంటివి ఇంటి గదిని స్టూడియో చేశాయి. అనలాగ్ టేపు పోయింది, దానితో వచ్చే మెత్తదనమూ పోయింది. దాన్ని ముందు వైపు నుంచి తిరిగి తెచ్చుకోవాలని పాత ప్రీయాంప్‌ల కోసం జనం ఎగబడ్డారు. ఒక పెద్ద నీవ్ కన్సోల్‌ను నిలబెట్టి అమ్మేకన్నా, ముక్కలు చేసి ఒక్కో ఛానల్‌ను పెట్టెలో బిగించి అమ్మితే ఎక్కువ వస్తుందని వ్యాపారులు కనిపెట్టారు. పాత బస్సును ఇంజను వేరు, టైర్లు వేరుగా అమ్మినట్టు అలా ఎన్నో కన్సోళ్లు విడిపోయాయి. చేత్తో నకళ్లు కట్టుకునేవారికి సర్క్యూట్ బొమ్మ దొరికింది, రెసిస్టర్లు దొరికాయి, దొరకనిది ట్రాన్స్‌ఫార్మరే. దాంతో విడిభాగమే మొత్తం పరికరపు విలువను మోయసాగింది. మూడో అల గ్రామఫోను రికార్డుల పునరాగమనం. డెనాన్ డీఎల్-103 లాంటి మూవింగ్ కాయిల్ పికప్ ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులే, దానికి ముందు స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవడం పాత అలవాటు. మైకు కోసం చేసిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ 618 సిరీస్, యూటీసీ ఎల్‌ఎస్-10, ఆల్టెక్ పీర్‌లెస్ 4722 వంటివి ఆ పనికి పనికొస్తాయి. అమెరికాలో 2020లో రికార్డుల అమ్మకపు ఆదాయం 1986 తర్వాత మొదటిసారి సీడీలను దాటింది. ఆ కొనుగోలుదారుల్లో కొందరు ఈ డబ్బాల కోసమూ వరుసలో నిలబడ్డారు.

ధర పెరిగిన చోట నకిలీ రాకుండా ఉండదు. పాత డబ్బాలో కొత్త చుట్ట, కొత్త డబ్బా మీద పాత లేబుల్, తెగిన ప్రైమరీని తిరిగి చుట్టి 'ఒరిజినల్' అని అమ్మడం, వేర్వేరు ఏళ్ల రెండిటిని 'జత' అనడం, ఇవన్నీ ఉన్నాయి.

లోహం ధర కూడా కారణమని తరచు చెబుతారు. 2022 మార్చి 8న లండన్ మెటల్ ఎక్స్‌ఛేంజిలో నికెల్ టన్ను లక్ష డాలర్లు దాటింది. ఎక్స్‌ఛేంజి ఆ రోజు లావాదేవీలు రద్దుచేసి, వారం పాటు నికెల్ వ్యాపారాన్ని ఆపేసింది. కానీ మైకు ట్రాన్స్‌ఫార్మర్ కోర్ బరువు కొన్ని పదుల గ్రాములు. టన్ను లక్ష డాలర్లయినా 50 గ్రాముల నికెల్ విలువ 5 డాలర్లే. నికెల్ గొడవ కొత్తవి చేసేవారి ఖర్చును, రేకుల సరఫరాను కుదిపిందేమో గానీ, పాతవాటి వెలకు దానితో సంబంధం అంతంతమాత్రం. పాతదాని వెల పేరుది, కొరతది, ఫలానా పాట దీని గుండానే వెళ్లిందన్న తలపుది.

ప్రత్యామ్నాయాలు లేవన్నది నిజం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పడిపోయిన కాలంలోనే దాన్ని మెరుగుపరిచినవారున్నారు. 1974లో కాలిఫోర్నియాలో డీన్ జెన్‌సన్ పెట్టిన కంపెనీ కంప్యూటరుతో లెక్కకట్టి, పై ఫ్రీక్వెన్సీల దగ్గర ఉబ్బు లేకుండా నున్నగా దిగిపోయే ట్రాన్స్‌ఫార్మర్లు చేసింది. ఆయన 1989లో పోయాడు, 2014లో కెనడాకు చెందిన రేడియల్ ఇంజనీరింగ్ ఆ కంపెనీని కొంది, తయారీ సాగుతోంది. స్వీడన్‌లో 1958 నుంచి లుండాల్ కుటుంబం, ఇంగ్లండులో 1941 నుంచి సౌటర్, సెయింట్ ఐవ్స్ వారసత్వంతో కార్న్‌హిల్, అమెరికాలో సినెమాగ్, జపానులో హషిమోటో ఇప్పుడూ చుడుతున్నారు. 1073 నకళ్లలో చాలావాటిలో ఉండేవి కార్న్‌హిల్‌వే. సౌటర్ స్థాపకుడు మ్యూమెటల్ శాస్త్రజ్ఞుడు. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో 1987లో ఈ లోహాల చరిత్రనే వ్యాసంగా రాశాడు. పేరున్న కంపెనీ కొత్త మైకు ట్రాన్స్‌ఫార్మర్ వంద డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. పైగా కొలతల కాగితం తోడొస్తుంది, అది పాతదానితో రాదు.

కోర్ లోహం కూడా పర్మలాయ్ దగ్గర ఆగిపోలేదు. 1960లో కాల్‌టెక్‌లో పోల్ డ్యూవెజ్ బృందం కరిగిన లోహాన్ని క్షణంలో చల్లార్చి, స్ఫటికాలు కట్టే వ్యవధి ఇవ్వకుండా గాజులాంటి లోహాన్ని తయారుచేసింది. దాన్నుంచి పుట్టిన అమార్ఫస్ పట్టీలు మిల్లీమీటరులో నలభయ్యో వంతు మందంతో విద్యుత్ సరఫరా ట్రాన్స్‌ఫార్మర్లలోకీ, లుండాల్ లాంటివారి ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లలోకీ వచ్చాయి. 1988లో హిటాచీ మెటల్స్ వారు ఫైన్‌మెట్ అనే నానోక్రిస్టలైన్ లోహాన్ని ప్రకటించారు. ఇది పర్మలాయ్ అంత తేలికగా లేస్తుంది, అంతకన్నా ఎక్కువ అయస్కాంత భారం మోస్తుంది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీర్ల చేతికి ఇది దొరికి ఉంటే 618ని దీనితోనే చేసేవారనడంలో సందేహం అక్కర్లేదు.

ఇనుమే వద్దనుకునేవారికి ఎలక్ట్రానిక్ దారి ఉంది, అందులో ఒక తమాషా కూడా ఉంది. మామూలు డిఫరెన్షియల్ ఇన్‌పుట్ ప్రయోగశాలలో రొదను బాగా ఆపుతుంది. కానీ కేబుల్ రెండు వైపులా నిరోధంలో కాస్త తేడా రాగానే తడబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆ తేడాను పట్టించుకోదు. ఈ విషయాన్ని 1995లో లెక్కలతో వివరించినది జెన్‌సన్ కంపెనీని అప్పుడు నడిపిన బిల్ విట్‌లాక్. ట్రాన్స్‌ఫార్మర్ గొప్పతనం చెప్పి ఊరుకోకుండా, ఆ గుణాన్ని అనుకరించే సర్క్యూట్‌ను కూడా ఆయనే కనిపెట్టి 1996లో పేటెంటు తీసుకున్నాడు. థాట్ కార్పొరేషన్ 'ఇన్‌జీనియస్' పేరుతో అమ్మే 1200 సిరీస్ చిప్పులు అవే. ట్రాన్స్‌ఫార్మర్‌కు అతి దగ్గరి ఎలక్ట్రానిక్ ప్రతినిధిని ఒక ట్రాన్స్‌ఫార్మర్ల వ్యాపారి తయారుచేశాడన్నమాట. అయితే చిప్పు రెండు పరికరాల గ్రౌండ్ల మధ్య పూర్తి తెగతెంపులు చేయలేదు. వేదిక మీద రెండు వేర్వేరు కరెంటు లైన్ల మీద నడిచే పరికరాలను కలిపేటప్పుడు వచ్చే గ్రౌండ్ రొదకు ఇప్పటికీ మందు తీగచుట్టే. ఇక కేవలం ఆ 'వెచ్చదనం' కావాలనుకుంటే, కోర్ నిండే తీరును లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ప్లగిన్లున్నాయి. పాట ముగిశాక వాటినీ అసలు ఇనుమునూ వేరుచేసి చెప్పగల శ్రోత అరుదు.

ఎక్కడ పాతదానికే డబ్బు పెట్టడం న్యాయం? యూ47ను లేదా అసలు ఫెయిర్‌చైల్డ్‌ను బాగుచేసేటప్పుడు. అక్కడ కొనేది ధ్వనిని మాత్రమే కాదు, పురావస్తువు అఖండతను కూడా. కొత్త ప్రీయాంప్ కట్టుకునేవారు, రికార్డు ప్లేయర్‌కు స్టెప్-అప్ వెతికేవారు కొత్తదాన్ని కొనడమే తెలివి. 1940ల మ్యూమెటల్ 2020ల మ్యూమెటల్ కన్నా పవిత్రం కాదు. ఎనభై ఏళ్లలో అది ఎన్నిసార్లు నేల మీద పడిందో ఎవరికీ తెలియదు.

అయినా పాతదే కావాలనుకుంటే రెండు జాగ్రత్తలు. మైకు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టను మల్టీమీటర్ ఓమ్ రేంజిలో పెట్టి చూడకూడదు. మీటరు పంపే చిన్న కరెంటే నికెల్ కోర్‌ను అయస్కాంతంగా మార్చి వక్రత పెంచుతుంది, తర్వాత దాన్ని డీమ్యాగ్నెటైజ్ చేయించాలి. డబ్బు ఇచ్చే ముందు 20 హెర్ట్జ్ దగ్గరా 20 కిలోహెర్ట్జ్ దగ్గరా సంకేతం పెట్టి ఎంత పడుతోందో కొలిపించాలి, జత అంటే రెండింటినీ కొలిపించాలి. లేబుల్ మీద ఏ పేరుందో ఆ తర్వాత చూసుకోవచ్చు.